గయానా వెళ్తే కైటూర్ జలపాతాన్ని చివరి రోజుకు పెట్టుకోకండి

సంపాదకులకు,

విహారయాత్రల పేజీల్లో దక్షిణ అమెరికా అంటే మచుపిచ్చు, రియో కార్నివాల్, బ్రెజిల్ అమెజాన్. గయానా ఎప్పుడైనా కనిపిస్తే కైటూర్ జలపాతం ఫొటో ఒకటి, దాని కింద నాలుగు ముక్కలు. వెళ్లేవారి చేతుల్లో ఉండే ప్లాన్లు కూడా అలాగే ఉంటాయి: మొదటి రెండు రోజులు జార్జ్‌టౌన్ నగరం, మధ్యలో ఒక రోజు బజార్లు, చివరి రోజు పొద్దున కైటూర్, ఆ రాత్రికే తిరుగు విమానం. ఇది తలకిందుల ప్లాన్. అడవి ముందు, ఊరు తర్వాత ఉండాలి. ఎందుకో వివరంగా రాస్తున్నాను. చోటు చాలక కుదించినా నాకు అభ్యంతరం లేదు గానీ, వానల సంగతి, ఎల్లో ఫీవర్ కార్డు సంగతి మాత్రం కత్తిరించవద్దని మనవి.

ఆ దేశం వైశాల్యం దాదాపు 2,15,000 చదరపు కిలోమీటర్లు. జనాభా ఎనిమిది లక్షల చిల్లర. పది మందిలో తొమ్మిది మంది అట్లాంటిక్ తీరం వెంట ఉన్న సన్నటి నేలలోనే ఉంటారు. మిగతాదంతా అడవి, నదులు, దక్షిణాన రుపునూని గడ్డిమైదానం. రైళ్లు లేవు. లోపలికి వెళ్లాలంటే చిన్న విమానమో, పడవో, ఎర్రమట్టి రోడ్డో దిక్కు. ఈ మూడింటికీ టైంటేబుల్ రాసేది వానే.

తీరంలో ఏడాదికి రెండు వానకాలాలు. పెద్దది మే నుంచి ఆగస్టు సగం దాకా, చిన్నది నవంబరు చివర మొదలై జనవరి దాకా. రుపునూనిలో మాత్రం ఒకటే, మే నుంచి ఆగస్టు దాకా. ఇక్కడే చిక్కు. కైటూర్‌లో నీళ్లు నిండుగా దూకేది వానల్లో, రుపునూనిలో దారులు మునిగిపోయేదీ అప్పుడే. రెండూ ఒకే యాత్రలో కావాలంటే సెప్టెంబరు మంచిది. మైదానంలో దారులు ఆరుతుంటాయి, జలపాతంలో నీరు ఇంకా పూర్తిగా తగ్గదు. రెండో అవకాశం ఫిబ్రవరి, మార్చి నెలలు. అక్టోబరు దాటేసరికి కైటూర్ దూకే పోటారో నది బాగా సన్నబడవచ్చు. జూన్, జులైల్లో వెళ్తే పొగమంచు జలపాతాన్ని గంటల తరబడి మూసేస్తుంది. అంత దూరం పోయి తెల్లటి తెర ముందు నిలబడి వచ్చినవాళ్లూ ఉన్నారు.

ఇక కైటూర్ ప్రయాణం. పెద్ద విమానాలు దిగే చెద్ది జగన్ విమానాశ్రయం నగరానికి దక్షిణంగా 41 కిలోమీటర్ల దూరంలో టిమెహ్రిలో ఉంది. జలపాతానికి వెళ్లే చిన్న విమానాలు బయల్దేరేది అక్కడి నుంచి కాదు, నగరానికి తూర్పున ఓగుల్‌లో ఉన్న యూజీన్ కొరెయా విమానాశ్రయం నుంచి. ఈ రెంటినీ కలగాపులగం చేసుకుని తప్పు విమానాశ్రయానికి టాక్సీ ఎక్కితే ఆ రోజు పోయినట్టే. విమానం సాధారణంగా ఒకే ఇంజిన్ ఉన్న డజను సీట్ల సెస్నా కారవాన్. చాలినంత మంది ఎక్కకపోతే కంపెనీ ఆ ట్రిప్పును మరో రోజుకు జరుపుతుంది. చాలినంత మంది ఉన్నా, లోయ మీద మబ్బు కమ్మితే పైలట్ దిగడు, దిగకూడదు కూడా. అందుకే జార్జ్‌టౌన్‌లో దిగిన మర్నాడో, ఆ మర్నాడో దీనికి పేరు ఇచ్చేయాలి. రద్దయితే మళ్లీ ప్రయత్నించడానికి వెనక రోజులుంటాయి. చివరి రోజుకు పెట్టుకున్నవారికి మిగిలేది డబ్బు వాపసు అడగడమే. అది కూడా ముందే కాగితం మీద తేల్చుకోవాలి: వాతావరణం వల్ల రద్దయితే సొమ్ము తిరిగిస్తారా, లేక తేదీ మారుస్తారా, సీట్లు నిండకపోతే ఎన్ని రోజుల ముందు చెబుతారు?

ఎక్కేముందు మనిషినీ, సంచినీ కలిపి తూకం వేస్తారు. సీటు ఎక్కడో బరువును బట్టి వాళ్లే చెబుతారు, కిటికీ కోసం పట్టుబట్టి లాభం లేదు. దేశం లోపలి విమానాల్లో సామాను పరిమితి సుమారు 9 కిలోలు. చక్రాల పెట్టె జార్జ్‌టౌన్ హోటల్లో వదిలేసి, మెత్తటి సంచి పట్టుకెళ్లాలి.

కైటూర్ ఒకే దూకుడు ఎత్తు 226 మీటర్లు, అంటే నయాగరాకు నాలుగు రెట్ల పైమాటే. ఇంతకంటే ఎత్తయిన జలపాతాలు లోకంలో చాలా ఉన్నాయి. అంత ఎత్తు నుంచి అంత నీరు ఒక్కసారిగా పడేవి అరుదు. ఆకులు కుళ్లి దిగిన పసరుతో నీరు డికాక్షన్ రంగులో ఉంటుంది, అది మురికి కాదు. విమానం దిగాక కొండ అంచున ఉన్న చూపు స్థలాలకు నడక కొద్ది నిమిషాలే. అంచుల్లో కంచె లేదు, రెయిలింగ్ లేదు. రాయి ఎప్పుడూ తడిగా, పాకురుపట్టి ఉంటుంది. ఫొటో కోసం అంచుకు పాకడం, గైడ్ వెనక్కి రమ్మంటే విననట్టు ఉండడం చేయవద్దు. పడితే పట్టుకునేదేమీ ఉండదు. రబ్బరు అడుగు పట్టు ఇచ్చే బూట్లు వేసుకోవాలి, చెప్పులు పనికిరావు.

చాలామంది జలపాతం వైపే చూస్తూ పక్కనున్న మొక్కల్ని దాటేస్తారు. దారి పొడవునా మనిషెత్తుకు మించి పెరిగే బ్రోమీలియడ్లు, అంటే అనాస కుటుంబపు మొక్కలు, ఉంటాయి. వాటి ఆకుల మొదళ్లు గిన్నెల్లా కూడుకుని వాన నీటిని పట్టి ఉంచుతాయి. ఆ నీళ్లలో బొటనవేలి గోరంత బంగారు రంగు కప్ప కాపురం ఉంటుంది. గుడ్లు, తోకకప్పలు, పెద్ద కప్పలు అన్నీ ఆ ఆకు సందుల్లోనే. పొద్దున్నే గానీ, మబ్బుగా ఉన్నప్పుడు గానీ కనిపిస్తుంది. ఎండ ముదిరితే లోతుకు జారుకుంటుంది. ఆకుల్ని చేత్తో విప్పి చూడొద్దు, చేతికి రాసుకున్న దోమల మందు ఆ కాస్త నీళ్లలో కలిసిందంటే చాలు. జలపాతం వెనక రాతిగోడకు వేలాడి నిద్రించే స్విఫ్ట్ పిట్టల గుంపులు సాయంత్రం గూటికి చేరతాయి. పగటి ట్రిప్పువాళ్లకు ఆ దృశ్యం దక్కదు, రెండు గంటలలోపే విమానం తిరుగుముఖం పడుతుంది. అక్కడి అతిథిగృహంలో ఒక రాత్రి గడిపే ఏర్పాటు జాతీయ పార్కు కార్యాలయం ద్వారా చేసుకోవచ్చు. తిండి, పక్క సరంజామా మనమే మోసుకెళ్లాలి. కాళ్లలో బలం ఉన్నవారికి పోటారో నదిలో పడవ మీద టుకీట్ దాకా వెళ్లి, అక్కడి నుంచి నిటారు కొండ ఎక్కే దారి ఉంది. దానికి నాలుగైదు రోజులు తీసిపెట్టుకోవాలి.

కైటూర్ చూశాక దక్షిణానికి కదలాలి. అసలు గయానా మొదలయ్యేది అక్కడే అని నా అభిప్రాయం. రుపునూనిలోని లెథెమ్ పట్టణానికి విమానంలో గంటంబావు. రోడ్డున వెళ్లే మినీబస్సులు సాయంత్రం జార్జ్‌టౌన్‌లో బయల్దేరతాయి. లిండెన్ దాకా తారు రోడ్డు, ఆ తర్వాత చాలామటుకు ఎర్రమట్టి. అన్నీ బాగుంటే మర్నాడు మధ్యాహ్నానికి చేరవచ్చు. వానల్లో బండి దిగబడితే ఎప్పటికో చెప్పలేం. కురుపుకారి దగ్గర ఎసెక్విబో నదిని ఏళ్ల తరబడి పంటు మీదే దాటారు, రాత్రిపూట పంటు నడవదు. అక్కడ వంతెన పని చేపట్టారు కాబట్టి ఏది నడుస్తోందో బయల్దేరే ముందు కనుక్కోవాలి. వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు రోడ్డు పెట్టుకోవడం కంటే దానికి తిరగేసి చేయడం మేలు. రోడ్డు మీద ఆలస్యమైతే లోపల ఒక రోజు తగ్గుతుంది, అంతే. తిరుగుదారిలో ఆలస్యమైతే ఇంటికి వెళ్లే విమానమే తప్పిపోతుంది.

నది దగ్గరే ఇవోక్రామా అడవి. 1989లో కౌలాలంపూర్‌లో జరిగిన కామన్వెల్త్ సమావేశంలో అప్పటి అధ్యక్షుడు డెస్మండ్ హోయ్ట్ ఈ అడవిని ప్రపంచానికి ప్రయోగశాలగా ఇస్తామన్నారు. 1996లో చట్టం వచ్చింది. మొత్తం 3,71,000 హెక్టార్లు, అందులో కొంత పూర్తి రక్షణకు, కొంత లెక్క ప్రకారం కలప తీయడానికి. ఇక్కడ చెట్ల తలల మధ్య 154 మీటర్ల పొడవున వేలాడే వంతెనలు కట్టారు, ఎత్తు 30 మీటర్ల దాకా. ఆ వంతెన మీదికి తెల్లారేసరికల్లా చేరాలి. ఏడున్నర, ఎనిమిది దాటితే పిట్టలు ఆకుల్లోకి సర్దుకుంటాయి. దానికి ఒకటే మార్గం, ముందు రాత్రి పక్కనున్న వసతిలో ఉండటం. పగలు పదింటికి జీపు దిగి ఎక్కినవారికి ఊగే తాళ్లు, చెమటా తప్ప ఏమీ మిగలదు. జాగ్వార్ కోసం అడవి లోపల తిరగడం దండగ. ఉదయం, సంధ్య వేళల్లో అది నడిచేది రోడ్డు మీదే. అదీ కనిపిస్తుందని హామీ ఇచ్చే గైడ్‌ను నమ్మకండి.

అడవి దాటితే రుపునూని. వానల్లో ఇక్కడ ఒక వింత జరుగుతుంది. అమెజాన్ వైపు పారే ఇరెంగ్, టకుటు నదుల నీరూ, ఎసెక్విబో వైపు పారే రుపునూని నీరూ మునిగిన మైదానం మీద కలిసిపోతాయి, చేపలు ఒక పరీవాహం నుంచి మరోదానికి ఈదిపోతాయి. 1595లో ఇంగ్లండ్ నావికుడు వాల్టర్ రాలీ ఎల్ డొరాడో బంగారు నగరం కోసం వెతికాక యూరప్ పటాల్లో పరీమా అనే మహా సరస్సు చాలా కాలం కనిపించింది. ఆ సరస్సు కథకు మూలం ఏటా మునిగే ఈ మైదానమేనన్న వాదన ఉంది. నీరు తీశాక వెళ్తే చెరువుల చుట్టూ మొసళ్లూ, కొంగలూ పోగవుతాయి.

రుపునూనిలో తప్పక చూడవలసినవాటిలో ఒకటి చెరువులో కలువ పూయడం. విక్టోరియా అమెజానికా, గయానా జాతీయ పుష్పం. 1837 జనవరి 1న అన్వేషకుడు రాబర్ట్ షోంబుర్గ్ బెర్బీస్ నది మీద దీన్ని చూసి రాశాకే యూరప్‌కు ఇది బాగా తెలిసింది. కరనాంబు దగ్గరి చెరువుల్లో సాయంత్రం అయిదున్నరకల్లా పడవ ఆపి కూర్చోవాలి. పొద్దు వాలుతుంటే మొగ్గ విచ్చుకుంటుంది, మొదటి రోజు తెల్లగా. లోపల వెచ్చగా, గుప్పుమని వాసన. ఆ వాసనకు పేడపురుగుల్లాంటి నల్ల పురుగులు దిగుతాయి. రాత్రి గడిచాక పువ్వు వాటి మీద మూసుకుంటుంది. మర్నాటి సాయంత్రం మళ్లీ తెరుచుకునేసరికి గులాబి రంగుకు తిరిగి ఉంటుంది, పుప్పొడి అంటుకున్న పురుగులు మరో తెల్ల పువ్వును వెతుక్కుంటూ పోతాయి. రెండు సాయంత్రాలు ఒకే చోట ఉంటే రెండు రంగులూ చూడొచ్చు. పెద్ద నీటికుక్కలు, నల్ల కేమన్ మొసళ్లు, తెల్లవారుజామున గడ్డిలో తిరిగే భారీ చీమభక్షి కూడా ఈ చుట్టుపక్కలే. రేవా గ్రామం దగ్గర అరపైమా చేప ఉంటుంది. మూడు మీటర్ల దాకా పెరిగే ఈ చేప గాలి పీల్చడానికి నిమిషాల వ్యవధిలో పైకి రావాల్సిందే, కాబట్టి ఓపికగా పడవలో కూర్చుంటే చాలు.

ఈ ఊళ్లు మకుషి, వాపిషానా ఆదివాసులవి. 2006 నాటి చట్టం ప్రకారం గ్రామ భూమిలోకి బయటివారు అడుగుపెట్టాలంటే గ్రామ మండలి అనుమతి కావాలి. పెద్దను తోషావ్ అంటారు. వసతి బుక్ చేసేవారే ఈ అనుమతి తీసుకుంటారు, సొంతంగా జీపు వేసుకుని వెళ్లేవారే ఇరుక్కుంటారు. పిల్లలకు మిఠాయిలు పంచడం మానండి. ఇవ్వాలనుకుంటే గ్రామానికి కట్టే రుసుములోనే కలపండి.

వీరి వంటిల్లు చూసే అవకాశం వస్తే వదులుకోకండి. ఇక్కడి కర్రపెండలం చేదు రకం, దుంపలో సయనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది. మనకు తెలిసిన సగ్గుబియ్యం దుంపలా ఉడకేసి తింటే ప్రాణం మీదికి వస్తుంది. తొక్క తీసి కోరుతారు. ఆ కోరును మటాపీ అనే పొడవాటి అల్లిక గొట్టంలో కూరుతారు. ఆరడుగుల పొడవుంటుంది, రెల్లు లాంటి బద్దలతో ఏటవాలుగా అల్లింది. పై కొసను దూలానికి తగిలించి, కింది కొసలో కర్ర దూర్చి దాని మీద కూర్చుంటారు. గొట్టం సాగినకొద్దీ సన్నబడి, లోపలి కోరును పిండేస్తుంది. విషం ఉన్న రసం కింద పాత్రలోకి ధార కడుతుంది. పొడిబారిన పిండిని జల్లించి పెనం మీద పలచటి రొట్టె కాలుస్తారు, లేదా ఫరీన్ అనే రవ్వగా వేయిస్తారు. ఆ రసాన్నీ పారబోయరు. గంటల తరబడి మరిగిస్తే విషం ఎగిరిపోయి, నల్లటి చిక్కటి కసరీప్ మిగులుతుంది. పెప్పర్‌పాట్ అనే మాంసం పులుసుకు రంగూ రుచీ అదే. రోజూ ఒకసారి మరిగిస్తుంటే ఫ్రిజ్ లేకుండానే ఆ కూర చెడకుండా నిలుస్తుంది. శాకాహారులు వారం ముందే చెప్పాలి. అక్కడికి వెళ్లాక చెబితే రొట్టె, అన్నం, గుడ్డుతో సరిపెట్టుకోవాల్సిందే.

పురుగుల గురించి పొడిపొడిగా. గడ్డిలో బెట్‌రూజ్ అనే కంటికి ఆనని ఎర్ర పురుగు ఉంటుంది, నడుము, చీలమండల దగ్గర బిగుతు ఉన్నచోట కరుస్తుంది, వారం దాకా దురద. ప్యాంటును మేజోళ్లలో దోపుకోవాలి, గడ్డి మీద కూర్చోకూడదు, రాత్రికల్లా స్నానం చేసి బట్టలు మార్చాలి. నదుల దగ్గర కబూరా ఈగలు పగలే కుడతాయి. లోతు లేని ఇసుక నీళ్లలో దిగితే పాదాలు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవాలి, ఇసుకలో టేకు చేప పడుకుని ఉంటుంది. అది తొక్కితేనే ముల్లు దింపుతుంది. లోపలి ప్రాంతాల్లో మలేరియా ఉంది. మాత్రలు వైద్యుడి సలహాతో ముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వాడాలి. వైవాక్స్ రకం నెలల తర్వాత కూడా బయటపడుతుంది కాబట్టి జ్వరం వస్తే గయానా వెళ్లిన సంగతి డాక్టరుకు చెప్పడం మర్చిపోవద్దు.

తిరిగి తీరానికి వచ్చాక మూడు నాలుగు రోజులుంటే వారసత్వం చూడటానికి సరిపోతాయి. అడవి చూసి వచ్చిన కంటికే తీరం అర్థమవుతుందన్నది ముందు అడవి అనడానికి రెండో కారణం. జార్జ్‌టౌన్ పోటు మట్టం కన్నా పల్లంలో ఉంది. డచ్చివారు మొదలుపెట్టిన గట్లు, కాలువలు, తూములే ఆ నేలను నిలబెడుతున్నాయి. అక్కడ కోకర్ అనే తూము పనితీరు మన డెల్టా లాకులు చూసినవారికి చప్పున అర్థమవుతుంది. సముద్రం ఆటు మీద ఉన్నప్పుడు తలుపు పైకెత్తి పొలాల నీటిని బయటికి వదులుతారు. పోటు రాగానే దించేస్తారు. పోటు సమయంలో కుండపోత పడితే నీటికి పోయే దారి ఉండదు. పైగా వెనకవైపు సాగునీటి జలాశయం కట్ట కూడా ఉంది, అది నిండితే ముప్పు రెండు వైపుల నుంచీ. 2005 జనవరిలో తీరం మునిగింది ఇలాంటి వానకే. సముద్రపు గోడ మీద సాయంత్రం నడక బాగుంటుంది గానీ ఈత ఆశ పెట్టుకోకండి. అమెజాన్ నది తెచ్చి పోసే బురద ప్రవాహంతో పాటు ఈ తీరం వెంట సాగుతూ వస్తుంది, నీళ్లెప్పుడూ గోధుమ రంగే.

ఆ నగరం చెక్క నగరం. ఆర్థర్ బ్లూమ్‌ఫీల్డ్ రూపకల్పన చేసిన సెయింట్ జార్జ్ కెథడ్రల్ 1892లో ప్రార్థనలకు తెరిచారు. ఎత్తు 43 మీటర్ల పైన, ప్రపంచంలో అత్యంత ఎత్తయిన చెక్క చర్చిల్లో ఒకటి. అందులో వాడిన గ్రీన్‌హార్ట్ కలప లోపలి అడవులదే. నీళ్లలో వేస్తే మునిగేంత బరువు, సముద్రపు పురుగు తొలచలేనంత గట్టి. రేవుల్లో, తూముల్లో కూడా అదే. పాత ఇళ్లకు డెమెరారా కిటికీలు చూడండి. చిల్లుల చెక్క పక్కలు, పైనుంచి ఏటవాలుగా బయటికి తెరుచుకునే జాలీ తలుపు. ఎండా వానా రాకుండా గాలిని మాత్రం లోపలికి పంపుతాయి. 1889 నాటి సిటీ హాల్, 1881 నాటి ఇనుప స్టాబ్రోక్ బజారు నడిచే దూరంలోనే. బజారులో జేబు భద్రం, చీకటి పడ్డాక నడక వద్దు. టాక్సీ నంబరు ప్లేటు హెచ్ అక్షరంతో మొదలవ్వాలి, కాకపోతే ఎక్కొద్దు. చెక్క ఊరికి నిప్పే శత్రువు. సేక్రెడ్ హార్ట్ చర్చి 2004 క్రిస్మస్ నాడు తగలబడిపోయింది. ఉన్నవి ఉండగానే చూడాలి.

ఒక పూర్తి రోజు బెర్బీస్‌కు ఇవ్వండి. 1838 మే 5న విట్బీ, హెస్పరస్ ఓడలు మనదేశం నుంచి మొదటి ఒప్పంద కూలీలను దించాయి. విట్బీలో వచ్చినవారు దిగింది బెర్బీస్ నది ఒడ్డున హైబరీ తోటలో. 1917లో ఆగేదాకా సుమారు 2,39,000 మంది వెళ్లారు. ఎక్కువ మంది కలకత్తా ఓడల మీద. మద్రాసు రేవు నుంచి వెళ్లినవారు కొద్ది భాగమే, తమిళులతో పాటు తెలుగు జిల్లాలవారూ ఉన్నారు. అక్కడ అందరినీ కలిపి మద్రాసీలన్నారు. భాష మిగల్లేదు, తెలుగు వినబడుతుందని ఆశపడి వెళ్లకండి. మిగిలింది రామసామి, వీరాసామి, మునిసామి లాంటి ఇంటిపేర్లు, మారియమ్మ గుళ్లు, వేపమండ, కరగం, తప్పు అనే డప్పు. అల్బియన్, పోర్ట్ మౌరంట్ వైపు కాళీమాయి పూజలు సాధారణంగా ఆదివారాల్లో జరుగుతాయి. పూజారిని అడగందే లోపలికి వెళ్లవద్దు, ఫొటో అసలే వద్దు. కొన్ని గుళ్లకు వచ్చేవారు ముందు నుంచే మద్యమాంసాలు మానాలి, ఆ నియమం కనుక్కుని వెళ్లండి. వెస్టిండీస్ బ్యాటర్ రోహన్ కన్హాయ్ పుట్టింది పోర్ట్ మౌరంట్‌లోనే, క్రికెట్ అభిమానులకు ఆ మైదానం అదనం. బెర్బీస్ నది మీద తేలే వంతెన ఓడల కోసం తెరిచినప్పుడు బండ్లు ఆగిపోతాయి, ఆ రోజు వేళలు ముందు చూసుకోవాలి.

ఓడల రిజిస్టర్లు జార్జ్‌టౌన్‌లోని వాల్టర్ రాడ్నీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాసుకున్న పుస్తకాలవి. కాగితాలు పెళుసెక్కాయి, అడిగిన వెంటనే చేతికివ్వరు. ఊరికే వెళ్లి పేరు చెబితే దొరకదు. ఓడ పేరు, వచ్చిన ఏడాది చేతిలో ఉంటే వెతకడం సులువు. గుమాస్తా చెవికి వినబడినట్టు రాసిన పేర్లు కాబట్టి ఒకే ఊరికి మూడు నాలుగు వర్ణక్రమాలు సిద్ధం చేసుకోవాలి.

డబ్బు సంగతి. అమెరికా డాలరుకు సుమారు 210 గయానా డాలర్లు. టూర్ల ధరలు అమెరికా డాలర్లలోనే చెబుతారు. చమురు వచ్చాక జార్జ్‌టౌన్ గదులు బాగా ప్రియమయ్యాయి, లోపలి వసతులకు కూడా చౌక అన్న మాట లేదు. లెథెమ్ దాటాక కార్డు పనిచేయదని అనుకుని 500, 1,000 నోట్లు తీసుకెళ్లండి. పశ్చిమాన వెనెజువెలా సరిహద్దులో కుయూనీ నది వైపు వెళ్లవద్దు, ఆ ప్రాంతం మీద రెండు దేశాల వివాదం నడుస్తోంది. నేను చెప్పిన దారులేవీ అటు తాకవు.

చివరగా కాగితాలు. గయానా వీసా ముందే తీసుకోవాలి. అమెరికా మీదుగా టికెట్ కొంటే విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. ఇది చూసుకోకుండా చౌక టికెట్ కొన్నవారిని ఇక్కడే విమానం ఎక్కనివ్వరు. ఎల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి, వేసిన పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు. ఒకసారి వేస్తే జీవితాంతం పనికొస్తుంది. అరవై దాటినవారు, గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారు ముందు డాక్టరును అడగాలి. ఎక్కువమంది ఈ కార్డు గయానాలో చూపించడానికే అనుకుంటారు. అసలు అవసరం తిరుగు ప్రయాణంలో. గయానా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి, అక్కడి నుంచి వచ్చేవారి దగ్గర చెల్లే కార్డు లేకపోతే మన విమానాశ్రయంలో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. ఫోన్‌లో ఫొటో చాలదు, అసలు పుస్తకం కావాలి. పాస్‌పోర్టు నంబరు, టీకా తేదీ, ముద్ర సరిగ్గా ఉన్నాయో లేదో కేంద్రం గడప దాటకముందే చూసుకుని, దాన్ని పాస్‌పోర్టుతో కలిపి చేతి సంచిలో పెట్టుకోవాలి. పెద్ద పెట్టెలో వేస్తే హెల్త్ కౌంటర్ దగ్గరకు వచ్చేసరికి అది ఇంకా బెల్టు మీదికే రాదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు